ట్యాబ్‌లోకి పాటలు: కేబులా, గూగుల్ డ్రైవా?

కంప్యూటర్‌లో పేరుకుపోయిన బతుకమ్మ పాటలు, ఒగ్గుకథ రికార్డింగులు ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోకి ఎక్కించాలి. దారులు రెండు: యూఎస్‌బీ కేబుల్, లేదంటే నెట్‌లో ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్.

ఖర్చు
కేబుల్: చాలావరకు ట్యాబ్‌తోనే వస్తుంది.
డ్రైవ్: 15 జీబీ ఉచితం. కానీ జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. పైగా నెట్ రెండుసార్లు ఖర్చు: ఎక్కించడానికి ఒకసారి, దించుకోవడానికి ఇంకోసారి. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) నాణ్యత ఉన్న ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ తింటుంది. అంటే గంట కథ ఒక్కటే 144 ఎంబీ!

శ్రమ
కేబుల్: అసలు చిక్కు ఇక్కడే. పెట్టగానే ట్యాబ్ చార్జింగ్ అవుతుంది తప్ప కంప్యూటర్‌లో ఏమీ కనబడదు. టెన్షన్ వద్దు. ట్యాబ్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగి, యూఎస్‌బీ దగ్గర ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోండి. తర్వాత ఫోల్డర్ మొత్తం ‘మ్యూజిక్’లోకి కాపీ చేయడమే. అప్పటికీ కనబడకపోతే కేబుల్ మార్చి చూడండి. చవక కేబుళ్లలో కొన్ని చార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలే ఉండవు.
డ్రైవ్: తీగల గొడవ లేదు, ఓపిక కావాలి.

రిస్క్
కేబుల్: మధ్యలో ఊడితే ఆ ఫైల్ మళ్లీ కాపీ చేయాలి.
డ్రైవ్: ట్యాబ్ పోయినా పాటలు పోవు. అయితే దించుకోకుండా వదిలేస్తే నెట్ లేనిచోట మోగవు. మేడారం జాతర జనంలో సిగ్నల్‌ను నమ్ముకోవడం నా దృష్టిలో దండగ.

వందల పాటలు ఒకేసారి ఎక్కించాలంటే కేబులే. కంప్యూటర్ హన్మకొండ ఇంట్లో, ట్యాబ్ హైదరాబాద్‌లో చదివే పిల్ల దగ్గర ఉంటే డ్రైవ్.