సింథటిక్ ఆయిల్ పోస్తే హైబ్రిడ్ కారు మైలేజీ పెరుగుతుందా? 58 వేల కిలోమీటర్ల తర్వాత నా లెక్క

మాది నల్లగొండ. 2023 జనవరిలో టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతో కూడా నడిచే కారు) తీసుకున్నాను, ఇప్పటికి 58 వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ పోయి వస్తాను, మిగతా రోజులు ఊళ్లోనే క్లాక్‌టవర్ సెంటర్, దేవరకొండ రోడ్డు, పానగల్లు వైపు చిన్న చిన్న తిరుగుళ్లు. ఈ మధ్య తెలిసినవాళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు, ఖరీదైన సింథటిక్ ఇంజిన్ ఆయిల్ (ఫ్యాక్టరీలో రసాయనికంగా తయారుచేసేది) పోయిస్తే మైలేజీ పెరుగుతుందటగా అని. ముందే చెప్పేస్తాను. సింథటిక్ అని ఎక్కువ డబ్బు పెట్టినందుకు నాకు ఏమీ పెరగలేదు. గ్రేడ్, అంటే ఆయిల్ చిక్కదనం, మారినప్పుడు మాత్రం తగ్గింది.

ఎలా లెక్కేశానో కూడా చెప్పాలి, ఎందుకంటే కారు స్క్రీన్ మీద కనిపించే మైలేజీ నా కారులో అసలుకంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. నేను ఎప్పుడూ ఒకే బంకులో, ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టిస్తాను, ఆ తర్వాత చుక్క కూడా పోయనివ్వను, ఓడోమీటర్ రీడింగ్, లీటర్లు డైరీలో రాసుకుంటాను. ఎండాకాలం లెక్కని చలికాలం లెక్కతో పోల్చితే అర్థం లేదు. ఈ కారులో ఏసీ కూడా బ్యాటరీ కరెంటుతోనే నడుస్తుంది, మేలో ఏసీ ఆగకుండా తిరిగితే ఆ బ్యాటరీని నింపడానికి ఇంజిన్ మాటిమాటికీ స్టార్ట్ అవుతుంది. అందుకే మూడేళ్లూ నవంబర్ నుంచి జనవరి దాకా ఉన్న లెక్కనే పక్కపక్కన పెట్టాను. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపిస్తాను.

మొదటి చలికాలం, అంటే 2023 చివర, బండిలో ఉన్నది కంపెనీ చెప్పిన 0డబ్ల్యూ-16 గ్రేడ్ ఆయిల్. సగటు లీటరుకు 23.6 కిలోమీటర్లు వచ్చింది. (కంపెనీ చెప్పే 27.97 అనేది పరీక్షలో వచ్చే లెక్క. హైవే మీద వంద స్పీడుతో పోతే నాకు 21 వస్తుంది, ఊళ్లో మెల్లగా తిరిగితే 26 దాకా వస్తుంది.)

2024 సెప్టెంబర్‌లో 30 వేల సర్వీసు. ఆ వారం నాకు పని తొందర ఉండి, తెలిసిన ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. ఈ గ్రేడ్ వాళ్ల దగ్గర లేదు, దానికంటే చిక్కటి 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ ఉంది, ఇంకా మంచిది అన్నారు. మిర్యాలగూడలో ఉండే మా బావ కూడా ఫోన్‌లో అదే మాట, "మన ఎండలకు గా నీళ్లలాంటి ఆయిల్ ఆగుతదా బామ్మర్దీ, చిక్కటిది పోయించు, ఇంజిన్ పదేండ్లు ఉంటది" అన్నాడు. పోయించాను. ఆ చలికాలం సగటు 22.9. పొద్దున మొదటిసారి ఇంజిన్ అందుకున్నప్పుడు చప్పుడు కూడా కాస్త బరువుగా వినిపించేది.

0.7 అంటే చిన్నదిగానే కనిపిస్తుంది. ఏడాదికి 18 వేల కిలోమీటర్లు తిరిగే నాకు అది 23 లీటర్ల పెట్రోలు, లీటరు 107 రూపాయల లెక్కన దాదాపు 2,500. ఒక్క కారు లెక్కే కాబట్టి అంతా ఆయిల్ వల్లే అని నేను పట్టుబట్టను. కానీ 2025 ఏప్రిల్‌లో మళ్లీ పాత గ్రేడ్ పోయించాక ఆ చప్పుడు పోయింది.

బావ మాట మీద చాలా రోజులు ఆలోచించాను, ఎందుకంటే అది మన దగ్గర అందరూ అనే మాటే. బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా, 25 డిగ్రీలున్నా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఉండేది 90, 100 డిగ్రీల దగ్గర. ఆ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ చూసుకుంటాయి. గ్రేడ్‌లో రెండో అంకె ఆ వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెప్పేదే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. మనకు మంచు లేదు కదా అంటారు, కానీ వంద డిగ్రీల్లో పనిచేసే ఆయిల్‌కు మన జనవరి పొద్దు కూడా చలే, అప్పుడది చాలా చిక్కగా ఉంటుంది. హైబ్రిడ్‌లో ఈ సంగతి ఇంకా ముఖ్యం. ఊళ్లో సగం సేపు ఇంజిన్ ఆగే ఉంటుంది, బ్యాటరీ మీద పోతుంటాం, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. అలా అందుకున్న ప్రతిసారీ చిక్కటి ఆయిల్‌ను తోయడానికి కాస్త ఎక్కువ పెట్రోలు పోతుంది. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ కూడా కంపెనీ చెప్పిన గ్రేడ్ వాడితే 1 నుంచి 2 శాతం దాకా మైలేజీ మెరుగుపడుతుందనే చెబుతుంది. అక్కడా మాట గ్రేడ్ గురించే.

పలచటి ఆయిల్‌తో ఇంజిన్ పాడవుతుందని భయపడేవాళ్లకు ఒకటి చెబుతాను. 2025 మేలో ఐదుగురం లగేజీతో డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాం, 0డబ్ల్యూ-16తోనే. తిరిగొచ్చాక డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీసి చూశాను, లెవెల్ ఎక్కడిదక్కడే ఉంది.

2025 అక్టోబర్‌లో 50 వేల సర్వీసుకు అదే గ్రేడ్‌లో, లీటరుకు దాదాపు రెట్టింపు ధర ఉన్న ఇంకో కంపెనీ సింథటిక్ కొని ఇచ్చాను, దీంతో అనుమానం తీరిపోవాలని. మొన్నటి చలికాలం సగటు 23.4. మొదటి ఏడాదితో పోల్చితే పెరగలేదు, ఆ కాస్త తగ్గడానికి కూడా ఆయిల్‌నే కారణమనలేం, పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం కలుస్తోంది, ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది.

అసలు 0డబ్ల్యూ-16 అంత పలచటి గ్రేడ్ ముడి చమురు శుద్ధి చేసి తీసే మామూలు మినరల్ ఆయిల్‌తో కుదరదు, అంటే కంపెనీ డబ్బాలో వచ్చేదే సింథటిక్. సింథటిక్‌కు మారతాను అనేవాళ్లలో చాలామంది బండిలో ఇప్పటికే ఉన్నది అదే, మాన్యువల్ తెరిచి చూస్తే తెలుస్తుంది. సింథటిక్ మంచిది కాదని నేననను. వేడికి త్వరగా పాడవదు, ఇంజిన్‌లో మడ్డి తక్కువ పేరుకుంటుంది. తక్కువ తిరిగే హైబ్రిడ్ వాళ్లు పదివేల కిలోమీటర్లు కాలేదని రెండేళ్లు లాగకండి, ఇంజిన్ సరిగా వేడెక్కకుండా తిరిగితే ఆయిల్‌లో తేమ, పెట్రోలు చేరతాయి, ఏడాదికోసారి మార్పించాల్సిందే. ఎక్కడ మార్పించినా డబ్బా మూత తీసేముందు దాని మీద గ్రేడ్ మీ కళ్లతో చదవండి, ఆ రోజు నేను చేయనిది అదే.

రెండు నెలల్లో నాకు 60 వేల సర్వీసు ఉంది. మామూలు కంపెనీ డబ్బానే పోయిస్తాను. ముందు టైర్లు రెండూ అరిగాయి, ఖరీదైన ఆయిల్‌కు పెట్టే డబ్బు వాటికి దాచాను.