జాగ్రత్త: డబ్బు కట్టించుకుని ఇచ్చే "బ్యాంకు ఉద్యోగం" ప్యాకేజీలు (శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు)

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల, విజయనగరం కోట జంక్షన్ వైపు గోడల మీద మళ్లీ అవే కాగితాలు పడ్డాయి. "ప్రముఖ ప్రైవేటు బ్యాంకులో ఆఫీసర్ ఉద్యోగం, వంద శాతం ప్లేస్‌మెంట్, సొంత జిల్లాలోనే పోస్టింగ్." మా చెల్లి డిగ్రీ అయ్యాక ఇలాంటి ప్యాకేజీయే కొన్నాం. రూ.40,000. ఆ డబ్బుకి వచ్చిందేమిటో చెబుతాను. కట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత మీ ఇష్టం.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు బోర్డులు మారుస్తుంటారు కాబట్టి పేరు కంటే పద్ధతి తెలియడమే ముఖ్యం.

కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టినాయన మర్యాదలో లోటు చేయలేదు. "అన్నయ్యా, మీ చెల్లి మా చెల్లి లాంటిదే, మూడు నెలల్లో బ్యాంకులో కూర్చుంటుంది" అన్నాడు. డబ్బు మాత్రం సంస్థ ఖాతాలోకి కాకుండా ఆయన సొంత నంబరుకి ఫోన్‌పే చేయమన్నాడు. రసీదు ఇచ్చారు. దాని మీద "కమ్యూనికేషన్ స్కిల్స్ శిక్షణ రుసుము, తిరిగి చెల్లించబడదు" అని ఉంది. ఉద్యోగం అన్న మాట గానీ బ్యాంకు పేరు గానీ ఎక్కడా లేదు. జీఎస్టీతో కలిపి అన్నారు గానీ జీఎస్టీ నంబరు రాయాల్సిన చోట ఖాళీ. అదేమిటని అడిగితే "కంప్యూటర్ బిల్లు తర్వాత మెయిల్‌లో వస్తుంది" అన్నారు. ఇప్పటికీ రాలేదు.

శిక్షణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాస్త ఇంగ్లీషు, కాస్త ఎక్సెల్, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. ఉద్యోగం కూడా వచ్చింది, అది అబద్ధం కాదు. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

పోస్టింగ్ శ్రీకాకుళంలో కాదు, విజయనగరంలో. మెడలో తాడు మీద బ్యాంకు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కార్డు వెనక్కి తిప్పితే అడుగున చిన్నక్షరాల్లో ఇంకో కంపెనీ పేరు, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీది. జీతం ఇచ్చేది వాళ్లే, తీసేసేదీ వాళ్లే. రేపు ఏదైనా తేడా వస్తే బ్యాంకు "మా ఉద్యోగి కాదు" అంటుంది, ఏజెన్సీ ఆఫీసేమో ఏ చెన్నైలోనో ముంబయిలోనో ఉంటుంది.

పని కౌంటర్లో కాదు. నెల్లిమర్ల, చీపురుపల్లి, గజపతినగరం తిరిగి ఖాతాలు తెరిపించాలి, పనిలో పనిగా బీమా పాలసీలు అంటగట్టాలి. స్కూటీ మనదే, పెట్రోలూ మనదే. మొదటి నెల టార్గెట్ మేనమామ, పిన్ని, చిన్నప్పటి స్నేహితురాళ్లతో గడిచిపోయింది. రెండో నెలకి చుట్టాలు అయిపోయారు. రోజూ సాయంత్రం రివ్యూ కాల్‌లో అందరి ముందూ "ఈ రోజు ఎన్ని?" అని అడుగుతారు. సున్నా అని చెప్పిన వాళ్లని లైన్‌లోనే ఉంచి మిగతా వాళ్లని పంపించేస్తారు. ఆ టెన్షన్‌కి మా చెల్లికి రాత్రి అన్నం సహించేది కాదు. బ్రాంచ్ మేనేజర్ చెడ్డవాడేం కాదు లెండి. ఆయన్నీ పైవాళ్లు అలాగే కూర్చోబెడతారట.

ఇక జీతం. కాగితం మీద నెలకి రూ.18,000 సీటీసీ, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో రూ.2,000 టార్గెట్ కొడితేనే. కంపెనీ తన వంతుగా కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా ఆ పద్దెనిమిది వేలల్లోవే. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే సొమ్ము) పేరుతో బేసిక్ మీద 4.81 శాతం చొప్పున రూ.481 కూడా అందులోనే చూపించారు. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండితే గానీ రాదు. కొత్త లేబర్ కోడ్ ప్రకారం నిర్ణీత కాలం ఒప్పందం మీద తీసుకున్న వాళ్లకి ఏడాది చాలు. కానీ ఆ టీములో ఏడాది నిండిన మనిషే లేదు! చివరికి మన వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం కూడా పోగా చేతికి వచ్చేది పన్నెండున్నర వేల లోపు. అందులోంచే హాస్టల్, పెట్రోలు.

జనం ఎందుకు మానేస్తున్నారో అర్థమైంది కదా. ఇది మా ఒక్కరి గోడు కాదు. కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల్లో ఉద్యోగులు వదిలిపోవడం సగటున 25 శాతం దాకా ఉందని రిజర్వు బ్యాంకే 2024 డిసెంబరు నివేదికలో రాసింది. మా దగ్గర డబ్బు కట్టించుకున్న సంస్థలాంటి కన్సల్టెన్సీలకి ఇది పంట. ఇటు మన దగ్గర ఫీజు, అటు కంపెనీ దగ్గర తలకింత కమీషన్. చేర్పించిన మనిషి సాధారణంగా రెండు మూడు నెలలు నిలిస్తే చాలు, ఆ తర్వాత ఉన్నా పోయినా వాళ్లకి పట్టదు. మనిషి దిగిపోగానే అదే సీటుకి ఇంకొకరికి టికెట్ కొడతారు. మా చెల్లి సీట్లో అంతకుముందు కూర్చున్న అమ్మాయిది కూడా మన జిల్లాయే, అదే కన్సల్టెన్సీ నుంచే వచ్చిందని తర్వాత తెలిసింది.

అందుకే డబ్బు కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ఇదివరకు చేసినవాళ్లు ఎంతకాలం ఉన్నారు?" అని అడగండి. జవాబు నమ్మబుద్ధి కాకపోతే, పోస్టింగ్ ఇస్తామన్న బ్రాంచికి సాయంత్రం ఆరు దాటాక వెళ్లి బయట టీ తాగుతున్న సేల్స్ కుర్రాళ్లని పలకరించండి. పది నిమిషాల్లో మొత్తం చెప్పేస్తారు. ఏజెన్సీ పేరు తెలిస్తే పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో కొట్టి చూడండి. నెలనెలా ఎంతమందికి పీఎఫ్ కడుతున్నారో కనిపిస్తుంది. కంపెనీ అసలు ఉందో లేదో కూడా తేలిపోతుంది.

బాండు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పద్దెనిమిది నెలల లోపు మానేస్తే రూ.50,000 కట్టాలని వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. "బాండ్లు కోర్టులో చెల్లవులే" అని ధైర్యం చెప్పేవాళ్లని నమ్మకండి. మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని ఏజెన్సీ రాసిన మొత్తమంతా కట్టాల్సిందేనా అంటే అదీ కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. మా మీద వాళ్లు ఏం ఖర్చు పెట్టారో లెక్క చూపించండని రాతపూర్వకంగా అడిగాం. ఆ తర్వాత బాండు గురించి ఒక్క ఫోన్ కూడా రాలేదు.

డిగ్రీ ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. "వెరిఫికేషన్‌కి రెండు రోజులు" అని తీసుకుని కన్సల్టెన్సీ వాళ్లు బీరువాలో పెట్టేశారు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇస్తే గానీ కదల్లేదు. జిరాక్సు మీద సంతకం పెట్టి ఇవ్వండి, ఒరిజినల్ చూస్తామంటే మీ ఎదురుగానే చూసి ఇచ్చేయమనండి.

మా చెల్లి మానేశాక ఆఖరి జీతానికి 45 రోజులు పడుతుందన్నారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన వాళ్లకి రెండు పని దినాల్లో బకాయి జీతం ఇచ్చేయాలి. ఆ సంగతి మెయిల్‌లో రాసి, జిల్లా లేబర్ ఆఫీసుకి కూడా కాపీ పెట్టాం. అప్పుడు వచ్చింది.

కన్సల్టెన్సీ మీద మొదట 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. సగం తిరిగి ఇస్తామని రాజీకి వచ్చారు, మేం ఒప్పుకోలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, కేసు మాత్రం రెండేళ్ల లోపు వేయాలి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, రసీదు, "వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న ఆ గోడ కాగితం ఫొటో, వాట్సాప్ మెసేజీలు ఏవీ చెరపకండి.

"ఏటమ్మా, బ్యాంకుద్యోగం మానీసినావంట?" అని వీధిలో ప్రతివాళ్లూ అడుగుతుంటే మా చెల్లి మొదట్లో ఇంట్లోంచి బయటికి రాలేదు. ఇప్పుడు తనే అడిగినవాళ్లకి జీతం లెక్క విడమర్చి చెబుతోంది. ఉద్యోగం కావాలంటే కేంద్రం వాళ్ల ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) పోర్టల్, స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ జాబ్ మేళాలు ఉన్నాయి, రూపాయి కట్టక్కర్లేదు. అక్కడికీ ఇలాంటి సేల్స్ ఉద్యోగాలే ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ నచ్చక మానేస్తే నలభై వేలు మాత్రం పోవు.

సర్టిఫికెట్ ఇరుక్కుపోయినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, మేం పంపిన నోటీసు నమూనా ఇస్తాను.