మోటారు బండికి కట్టాలా, బాటలో పరచాలా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సార్, లీనియర్ మోటారు బండి చేస్తున్నాం. కాయిల్స్ బండికి కట్టాలా, ట్రాక్‌లో వేయాలా?" ఈ ఏడాది ఇప్పటికే నలుగురు అడిగారు. లీనియర్ మోటారంటే గుండ్రంగా తిరగకుండా బండిని నేరుగా ముందుకు తోసే మోటారు, కాయిల్స్ దాని తీగ చుట్టలు.

కాయిల్స్ బండి అడుగున ఉంటే బాటలో అల్యూమినియం రేకు, దాని కింద ఇనుము చాలు. వాంకూవర్ స్కైట్రెయిన్ 1986 నుంచి ఇలాగే నడుస్తోంది. న్యూయార్క్ జేఎఫ్‌కేలో దిగిన మనవాళ్లు టెర్మినల్ మారడానికి ఎక్కే ఎయిర్‌ట్రెయిన్‌దీ ఇదే పద్ధతి. రెండో పద్ధతిలో కాయిల్స్ బాట పొడవునా ఉంటాయి, బండి అయస్కాంతాలను మోస్తే సరిపోతుంది. అయస్కాంతాల బలంతో గాల్లో తేలుతూ పోయే షాంఘై మాగ్లెవ్ రైలు ఇలాంటిది. బాట పొడవై బండ్లు తక్కువైతే మొదటిది చవక. ఖర్చు లెక్క అంతే, అక్కడ ఆగిపోకండి.

బండి డిజైన్ గీసేవాడికి అసలు తలనొప్పి గ్యాప్, అంటే మోటారుకీ బాటలోని రేకుకీ మధ్య వదిలే ఖాళీ. మామూలు గుండ్రటి మోటారులో, తిరిగే భాగానికీ కదలని భాగానికీ మధ్య, అది మిల్లీమీటరు లోపే. పట్టాల మీద బండికి పది, పన్నెండు మిల్లీమీటర్లు వదలక తప్పదు. గ్యాప్ పెరిగితే అదే బలంతో తోయడానికి ఎక్కువ కరెంటు కావాలి, దానికి పెద్ద ఇన్వర్టర్ (మోటారుకు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే పెట్టె) కావాలి, వేడీ ఎక్కువే. వాటన్నిటినీ మోసేది బండే కాబట్టి బరువు పెరిగి మళ్లీ బలం చాలదు. అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్టే.

పోయినేడు మా కుర్రాళ్ల నమూనాలో మూడు మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టాం. ఖాళీ బండి చక్కగా పరుగెత్తింది. నాలుగు ఇటుకలు పెట్టగానే స్ప్రింగులు కుంగి, రేకు అతుకు దగ్గర కరకరమని గీసుకుంది. మోటారును స్ప్రింగుల మీది చట్రానికి బిగించడం మా పొరపాటు. ఇరుసుకు మార్చాక బరువుకీ గ్యాప్‌కీ సంబంధం తెగిపోయింది. అసలు రైళ్లలోనూ మోటారు వేలాడేది పెట్టెకు కాదు, చక్రాలూ ఇరుసులూ ఉండే కింది చట్రానికే. అక్కడ ఇంకో చిక్కుంది: చక్రం అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, షెడ్డులో ఎత్తు సరిచేస్తూ ఉండాలి.

బాటలో కాయిల్స్ ఉంటే ఈ బాధ కొంత తగ్గుతుంది. బండి మీది అయస్కాంతాలకు సొంత క్షేత్రం ఉంటుంది కాబట్టి, గ్యాప్‌ను దాటించే భారమంతా బాటలోని కాయిల్స్ కరెంటు మీద పడదు. యమనషిలో 2015లో గంటకు 603 కిలోమీటర్లు అందుకున్న జపాన్ బండికి గ్యాప్ దాదాపు 10 సెంటీమీటర్లు. కానీ అది నిరోధం లేకుండా కరెంటు మోసే సూపర్ కండక్టర్ల చలవ, వాటిని ద్రవ హీలియంతో చల్లబరచాలి. షాంఘైలో గ్యాప్ మళ్లీ 10 మిల్లీమీటర్లే, దాన్ని క్షణక్షణం ఎలక్ట్రానిక్స్ కాపాడుతుంటాయి.

బాటలో కాయిల్స్ వేసే ఈ పద్ధతిలో ఒక సెక్షన్‌లో, అంటే ఒకేసారి కరెంటు ఇచ్చే బాట ముక్కలో, ఒక బండే నడవాలి. ఒకే కరెంటుతో రెండు బండ్లను వేర్వేరు వేగాల్లో తోయలేం కదా! నిమిషన్నరకో బండి కావాలంటే సెక్షన్లు చిన్నవి చేసి, స్విచ్‌లు పెంచాలి.

నన్నడిగితే ఊళ్లో తిరిగే బండికి మోటారు బండి మీదే ఉండాలి. చెడితే ఆ ఒక్క బండినీ షెడ్డుకు తోలుకెళ్లొచ్చు, బాటలో కాయిల్ కాలితే లైనే ఆగుతుంది. పైగా మోటారు పలకలా ఉంటుంది కాబట్టి బండి లోపలి నేల ఎత్తు తగ్గుతుంది. టోక్యో ఓయెదో లైన్ సొరంగాలు చిన్నవి కావడానికి కారణం ఇదే. గంటకు 400 కిలోమీటర్లు దాటాలంటే మాత్రం నా ఇష్టాయిష్టాలతో పని లేదు. ఆ వేగంలో మోటారుకు కావలసిన కరెంటును తీగకో పట్టాకో రాసుకుంటూ అందుకోవడం మహా కష్టం, కాయిల్స్ బాటలో వేసే రెండో పద్ధతే గతి.

బండికి శాశ్వత అయస్కాంతాలు పెడదామంటారా? టేబుల్ మీద బాగుంటుంది, కాకపోతే దారిలో ఇనుప రజనంతా అంటుకుంటుంది. గొట్టంలో పరుగెత్తించే హైపర్‌లూప్‌లోనూ మోటారు ప్రశ్న ఇదే. 2017లో విజయవాడ–అమరావతి మధ్య అలాంటి దానికి ఒప్పందమైతే జరిగింది, గొట్టం మాత్రం రాలేదు.

మావాళ్లు ఈసారి కాయిల్స్ చుట్టకముందే రేకును జానెడుకో చోట కొలిచారు. రెండో అతుకు దగ్గర ఇంకా అర మిల్లీమీటరు తేడా వస్తోంది.