పిల్లల ఒంట్లో సీసం, పాదరసం ఎంతుందో తెలియాలంటే: జుట్టు మేలా, రక్తం మేలా?

"నాలుగు పోచల జుట్టు కత్తిరించి పంపితే ఒంట్లో ఏ లోహం ఎంతుందో చెప్పేస్తారంట కదా మేడమ్, మరి ఈ సూదెందుకు?"

ఈ మధ్య మా ల్యాబుకి వచ్చే తల్లులు తరచూ అడుగుతున్న మాట ఇది. ఫోన్లో ప్రకటన కూడా చూపిస్తారు. ముప్పై పైచిలుకు మూలకాలు, ఒకటే రిపోర్టు, పిల్లాడికి నొప్పి లేదు. కోనసీమలో పద్దెనిమిదేళ్లుగా శాంపిళ్లు తీస్తున్నాను. మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టగానే పిల్లలు మొదలుపెట్టే ఏడుపు వింటే, ఈ సూది బాధ తప్పితే బాగుణ్ణని నాకూ అనిపిస్తుంది. అయినా ఎవరైనా అడిగితే ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను: "మీ భయం ఏ లోహం గురించమ్మా?" దానికి వచ్చే జవాబును బట్టే కత్తెరా, సూదా అన్నది తేలుతుంది.

ముందు జుట్టు గొప్పతనం చెప్పాలి. తల వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అది కుదురులో తయారయ్యేటప్పుడు రక్తంలో తిరుగుతున్నవి కొన్ని దాంట్లో చేరతాయి. వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌లో గంధకం ఎక్కువ, పాదరసం, ఆర్సెనిక్, సీసం లాంటివి ఆ గంధకాన్ని పట్టుకుని ఉండిపోతాయి. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకకి రక్తంతో ఇక సంబంధం ఉండదు. కాబట్టి మాడుకి దగ్గరగా కోసిన మూడు సెంటీమీటర్ల జుట్టంటే గడిచిన మూడు నెలల లెక్క. ఫ్రిజ్ అక్కర్లేదు, కాగితం కవరు చాలు. లంక ఊళ్ల నుంచి రావాల్సినప్పుడు ఐస్ బాక్సు భుజాన వేసుకుని రేవులో పంటు కోసం నిలబడటం ఎంత పనో నాకు తెలుసు. ఆ లెక్కన జుట్టు నిజంగా వరమే.

పాదరసం విషయంలో అయితే జుట్టుకి తిరుగు లేదు. చేపల ద్వారా ఒంట్లోకి వచ్చే మిథైల్ పాదరసం రక్తంలో కంటే జుట్టులో సుమారు 250 రెట్లు చిక్కగా చేరుతుంది. 1971-72లో ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తన గోధుమల్ని రొట్టెలు చేసుకుని తిన్నవాళ్లలో, ఏ నెలలో ఎంత విషం వెళ్లిందో తల్లుల పొడవాటి జుట్టును ముక్కలు ముక్కలుగా కొలిచి తెలుసుకున్నారు. మన దగ్గరా ఇది ఊహించుకోలేని సంగతి కాదు. పాలు పడతాయని బాలింతకి సొరచేప పొట్టు వండి పెట్టే ఇళ్లు తీరం వెంట ఎన్నో. సొర, వంజరం లాంటి వేటాడి తినే పెద్ద చేపల్లో పాదరసం పోగవుతుంది. చెరువులో నాచూ నలుసూ తినే బొచ్చెలో, శీలావతిలో అంత ఉండదు. వారానికి మూడు నాలుగు సార్లు సొర తినే ఇంట్లో పిల్లల సంగతి తెలియాలంటే నేను కత్తెరే తీయమంటాను. గ్రాము జుట్టుకి సుమారు ఒక మైక్రోగ్రాము పాదరసం అన్నది అక్కడ పోల్చుకోవడానికి వాడే అంకె.

చిక్కు మిగతా లోహాలతో వస్తుంది. వెంట్రుకలో దొరికిన లోహం లోపలి నుంచి వచ్చిందా, బయటి నుంచి అంటుకుందా? కొలిచే యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ తేడా పట్టలేదు. మన పిల్లల తలకి ఏమేం తగులుతాయో ఒక్కసారి చూడండి. కొబ్బరి నూనె, కుంకుడు రసం, పసిబిడ్డకైతే సాంబ్రాణి పొగ, ఎర్రటి చిలుము తేలే బోరు నీళ్లు, రోడ్డు దుమ్ము. రొయ్యల చెరువు గట్టు మీద ఆడుకునే పిల్లాడైతే నాచు చావడానికి చల్లిన మైలుతుత్తం కూడా. అది రాగి ఉప్పు. పిల్లాడి జుట్టులో రాగి ఎక్కువ కనిపిస్తే అది వాడి కాలేయం సంగతా, వాళ్ల నాన్న చేతుల సంగతా? ల్యాబుల్లో అసిటోన్‌తో, నీళ్లతో జుట్టు కడిగే పద్ధతులున్నాయి. తక్కువ కడిగితే మురికి మిగులుతుంది, ఎక్కువ కడిగితే లోపలున్నది కూడా పోతుంది.

మా ఆడపడుచు కూతురికి ఎనిమిదేళ్లు. ఆమధ్య ఎవరో చెప్పారని దాని జుట్టు ఒక ల్యాబుకి పంపారు. రంగు రంగుల గీతలతో ఆరు పేజీల రిపోర్టు వచ్చింది. జింకు గీత ఎర్ర గడి దాటి పోయింది, సెలీనియం కూడా ఎక్కువే. వదిన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, అంత టెన్షన్. నేను వెళ్లి బాత్రూమ్ గూట్లో చూస్తే చుండ్రు షాంపూలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో జింక్ పైరిథియోన్, ఇంకోదాంట్లో సెలీనియం సల్ఫైడ్. రిపోర్టు చివరి పేజీలో మాత్రం ఒంట్లో విషాలు కడిగేసే పొడి, మూడు నెలల కోర్సు, ధర. తిక్క రేగింది నాకు. జింకుతో ఇంకో తిరకాసు కూడా ఉంది. బాగా పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో వెంట్రుక పెరగడమే మందగిస్తుంది, దాంతో ఉన్న కాస్త జింకూ వెంట్రుకలో చిక్కబడి, లోపం ఉన్నా లేనట్టే కనిపించొచ్చు.

ఇదేదో మన ఊరి ల్యాబు లోపం అనుకోకండి. 2001లో అమెరికాలో ఒకే మనిషి తల నుంచి తీసిన జుట్టును పంచి ఆరు వ్యాపార ల్యాబులకి పంపారు. పన్నెండు ఖనిజాల విషయంలో ఒక ల్యాబు అంకెకీ ఇంకో ల్యాబు అంకెకీ పదింతలకు మించిన తేడా వచ్చింది. ఇలాంటి కాగితం చూసి మందు మొదలుపెడితే ప్రాణాల మీదికి రావచ్చు. లోహాన్ని ఒంట్లోంచి లాగేసే చీలేషన్ మందులు సీసం బాగా ఎక్కువైన పిల్లలకి, ఆసుపత్రిలో, డాక్టరు కళ్ల ముందు ఇవ్వాల్సినవి. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబుకి అలాంటి మందు ఎక్కిస్తే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి చనిపోయాడు.

ఇక సీసం. దీనికి రక్తమే, అదీ నరంలోంచి తీసిన రక్తమే. సీసానికి రక్తంలో మాత్రమే అందరూ ఒప్పుకున్న గీత ఉంది. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అమెరికాలో అదే ఏడాది ఆ అంకెని 3.5కి దించారు. జుట్టులో సీసానికి అలాంటి గీత లేదు. కాబట్టి రిపోర్టు ఎంత అందంగా ఉన్నా డాక్టరు దాన్ని పట్టుకుని చేయగలిగేది ఏమీ లేదు. రక్తం కూడా అన్నీ చెప్పదు. అందులో సీసం నెల రోజుల్లో సగానికి తగ్గిపోతుంది, మిగతాది ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. పాత సంగతి చెప్పకపోయినా, ఈ మధ్య వచ్చిన సీసం సంగతి మాత్రం గట్టిగా చెబుతుంది.

అంతర్వేది వైపు నుంచి ఒకసారి నాలుగేళ్ల బాబుని తీసుకొచ్చారు. వాళ్ల నాన్నది విసురు వల. వల అంచుకి కట్టే సీసం గుండ్లు ఇంటి అరుగు మీదే కరిగించి పోస్తారట. వల విసిరేటప్పుడు ఆ అంచుని పళ్లతో పట్టుకోవడం ఆయనకి అలవాటు. పిల్లాడికి ఆ గుండ్లే గోళీలు, అవి నోట్లో వేసుకోవడమూ మామూలే. మింగిన సీసంలో పెద్దవాళ్లకి ఎక్కేదానికంటే పిల్లలకి నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది, ఇనుము తక్కువున్న పిల్లలకైతే ఇంకా తేలిగ్గా. వేలి కొసన పొడిచి ఒక చుక్క తీస్తే సరిపోదా అని వాళ్లమ్మ అడిగింది. ఆ వేలి చర్మానికే సీసం పొడి అంటుకుని ఉంటే చుక్కలో అదే కలుస్తుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. అలా ఎక్కువొస్తే ఎలాగూ మళ్లీ నరంలోంచి తీయాలి. అందుకని చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి, నాయనమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, "చీమ కుట్టినట్టే ఉంటుంది బాబూ" అని అబద్ధమాడి, రెండు మిల్లీలీటర్లు తీశాను. మా దగ్గర సీసం కొలిచే యంత్రం లేదు, ఊదా మూత ట్యూబులో పెట్టి బయటికి పంపాం. వాళ్లకి మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దని చెప్పాను. కరిగించే పని ఇంటికి దూరంగా పెట్టుకోవడానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.

ఆర్సెనిక్ అయితే మూత్రం. ఒంట్లోకి వెళ్లింది రెండు మూడు రోజుల్లో చాలావరకు బయటికొచ్చేస్తుంది, కాబట్టి ఇప్పుడు తాగుతున్న నీళ్ల సంగతి అందులో బాగా తెలుస్తుంది. గోదావరి జిల్లాల్లో దీనికొక అడ్డంకి ఉంది: రొయ్యలు, పీతలు, సముద్రపు చేపల్లో హాని చేయని రకం ఆర్సెనిక్ ఉంటుంది, మొత్తం ఆర్సెనిక్ కొలిస్తే అదీ లెక్కలోకొస్తుంది. నాలుగు రోజులు మానమని చెబితే "నాలుగు రోజులేనాండీ?" అని అదేదో ఏకాదశి ఉపవాసంలా మొహం పెడతారు. మానలేకపోతే రకాలు విడదీసి కొలిచే పరీక్షే రాయించుకోవాలి, దానికి ఖర్చు ఎక్కువ.

కాలి గోళ్లూ పనికొస్తాయి, కొన్ని నెలల వెనకటి సంగతి చెబుతాయి. కానీ చెప్పుల్లేకుండా ఒండ్రులో తిరిగే కాళ్ల గోళ్ల మాట నేను నమ్మను. పాల పళ్లలో సీసం కొలిచి 1979లోనే అమెరికాలో పెద్ద అధ్యయనం చేశారు. మన పళ్లన్నీ పేడ ముద్దలో చుట్టి పెంకుల మీదికి విసిరేశాం.

ఇంత చెప్పినా జుట్టుని తీసిపారేయను. ఒక్క పిల్లాడి వైద్యానికి కాదు గానీ, రెండు ఊళ్లని పోల్చడానికి అది బాగా పనికొస్తుంది. కెనడాలోని క్విబెక్‌లో బావి నీళ్లలో మాంగనీసు ఎక్కువున్న ఇళ్ల పిల్లల జుట్టులోనూ మాంగనీసు ఎక్కువ కనిపించింది. బోరు నీళ్లు తాగే ఊరొకటి, కాలువ నీళ్ల చెరువు మీద బతికే ఊరొకటి తీసుకుని, వంద మంది పిల్లల్ని సూది లేకుండా చూడొచ్చు. అందరికీ మెడ వెనక కుదురు దగ్గర స్టీలు కత్తెరతో కోయాలి, ఒకేలా కడగాలి, ఒకే ల్యాబులో చూడాలి. దారంతో కట్టి ఏది మాడు వైపో కవరు మీద రాయాలి. ఆ గుర్తు లేకపోతే నెలల లెక్క పోయినట్టే. మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్న పిల్లలైతే రెండు మూడు నెలలు ఆగాలి.

జుట్టు ఇవ్వడం అంత తేలికేం కాదని కూడా ఆ అంతర్వేది నాయనమ్మే నాకు నేర్పింది. చేపలు బాగా తింటారు కదా, పాదరసానికి కాస్త జుట్టు కూడా తీసుకుంటానన్నాను. ఆవిడ రెండు చేతులూ పిల్లాడి తల మీద కప్పేసింది.

"రక్తం తీసుకోమ్మా, కావాలంటే ఇంకో చేతికి కూడా గుచ్చు. జుట్టు మాత్రం పరాయి చేతిలో పెట్టకూడదు. పైగా వీడివి పుట్టు వెంట్రుకలు. మొక్కు తీరకుండా కత్తెర తగలకూడదు."

"పోనీ గుండు చేయించిన రోజు కాస్త కవర్లో వేసి తెస్తారా?"

"ఆయ్, అదెలా కుదురుద్దమ్మాయ్? అది నరసింహస్వామిది కదా!"