స్టేజీకి పట్టుకెళ్లే ప్లగ్గు బాక్సు చేయించాం, వాడి చూశాక రివ్యూ

కోనసీమలో పెళ్లి ఆర్కెస్ట్రాలు వేసేవాళ్లు, గుడి భజన మైకులు చూసుకునేవాళ్లు, చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లకే ఈ రివ్యూ. ఇది కంపెనీ సరుకు కాదు, అమలాపురంలో మోటారు వైండింగ్ చేసే ఒకాయనకి మా బ్యాచ్ ఆర్డరిచ్చి చేయించుకున్నది. ఖర్చు నాలుగు వేలు దాటింది, ఐదారొందలకి స్పైక్ బస్టరు దొరుకుతుంటే ఇదెందుకురా బాబూ అని మావాళ్లే గొణిగారు.

స్పైక్ బస్టర్లో లేనిది ఇందులో ఉన్నది 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే లీకేజీ కనిపెట్టి పడిపోయే స్విచ్చు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్లో తిరిగి రాకుండా ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతుంటే సెకనులో మూడో వంతు పట్టకుండానే లైను కట్ చేసేస్తది. ఇళ్లలో ఉండే మామూలు ట్రిప్ స్విచ్చు, 16 ఆంపుల ఎంసీబీకి ఆ సంగతి తెలీదు, అది 16 దాటితేనే కదులుద్ది, మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు.

పనితనం మాత్రం బాగుంది. ప్లగ్ టాప్ విప్పి చూపించాడు, లోపల పచ్చ వైరు, అంటే ఎర్తు, మిగతా రెండిటికన్నా కాస్త పొడుగ్గా వదిలాడు. ఎందుకండీ అంటే "ఎవడన్నా కాలు తగిలి కేబులు లాగేసినా ఫేజు ముందు ఊడాలండి, ఎర్తు ఆఖర్న ఊడాలి" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు డబ్బులు వచ్చేసినట్టనిపించింది.

అసలు స్టేజి మీద షాక్ ఎలా తగులుద్దో తెలిస్తే దీని విలువ అర్థమవుద్ది. గిటారు తీగలు కేబులు ద్వారా ఆంప్ (యాంప్లిఫయరు) బాడీకి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ బాడీకి కలిసి ఉంటది. ఆంపు ఒక సాకెట్లో, మిక్సరు హాలు అవతల ఇంకో సాకెట్లో పెట్టి, అందులో ఒకదానికి ఎర్త్ లేక బాడీలోకి కరెంటు దిగితే, చెయ్యి తీగల మీద పెదాలు మైకు మీద ఉన్నోడే వైరు అయిపోతాడు. 1972లో ఇంగ్లండు పక్క వేల్స్‌లో, స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ప్రోగ్రాం టైములో మైకు ముట్టుకుని షాక్‌తో చనిపోయాడు. అందుకే మేమిప్పుడు సౌండు మొత్తం ఈ ఒక్క బాక్సు నుంచే తీస్తాం, దాంతో హమ్మింగ్ కూడా చాలా తగ్గింది.

హమ్మింగ్ అంటే గుర్తొచ్చింది, మొన్న ఒకచోట అద్దెకి తెచ్చిన ఆంపులకి ఎర్త్ పిన్నే లేదు, కోసేశారు. అడిగితే "అది తీసేస్తే గుయ్యిమనడం పోద్దండి" అంటాడు సెట్టు తెచ్చిన కుర్రోడు. ఆయ్, పోద్ది, దాంతోపాటు వాయించేవాడు కూడా పోతాడు. గుయ్యిమంటే గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్లో గ్రౌండు విడదీసే స్విచ్చు) ఉన్న డీఐ బాక్సు, అంటే వాయిద్యానికీ మిక్సరుకీ మధ్య పెట్టే చిన్న డబ్బా, పెట్టి సిగ్నల్ కేబుల్లో తేల్చుకోవాలి గానీ కరెంటు ప్లగ్గులో ఎర్త్ ముట్టుకోకూడదు.

బాక్సు కొనేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. టెస్ట్ బటన్ నొక్కితే టప్‌మని పడుద్ది, దాన్ని చూసి ఎర్త్ ఉందనుకుంటారు, ఆ బటన్ అసలు ఎర్త్‌నే చూడదు. గోడకి ఎర్త్ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తది, కానీ ఎర్త్ ఉంటే మీరు ముట్టుకోకముందే పడుద్ది, లేకపోతే మీరు ముట్టుకున్నాక పడుద్ది, తేడా అంతే. అందుకే మూడు లైట్ల సాకెట్ టెస్టరు కూడా జేబులో ఉండాలి. దాన్ని కూడా మోసం చేసే పని ఒకటుంది, సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్నుకి లూపు కొట్టేస్తారు కొందరు. టెస్టరు అంతా ఓకే అంటది, ఆ న్యూట్రల్ ఎక్కడన్నా తెగిందా మిక్సరు బాడీ అంతా లైవే, ఈ బాక్సు ఉన్నా ఉపయోగం ఉండదు. హాలు ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ విప్పించి చూసుకోవాల్సిందే.

మన డెల్టాలో రాడ్డు కాస్త దించితే చాలు తడి నేల తగులుద్ది, ఎర్త్ బాగానే వస్తది. కానీ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి ఎర్త్ కోసం పాతిన జీఐ (జింకు పూత ఇనుము) పైపు, దాని క్లాంపు తుప్పు పట్టి వదిలేస్తాయి, పైకి మాత్రం వైరు ఉన్నట్టే కనపడుద్ది. తీర్థాల్లో, అంటే జాతరల్లో, చిన్న జనరేటరు పెడితే ఇంకో గొడవ, చాలావాటిలో న్యూట్రల్ బాడీకి గానీ భూమికి గానీ కలిపి ఉండదు, అప్పుడు ఆర్‌సీసీబీ పడాల్సిన చోట పడదు. ఇది బాక్సు చేసినాయనే చెప్పాడు, అడక్కుండానే.

ఇక కంప్లయింట్లు. ఇస్తానన్న రోజుకి ఇవ్వలేదు, బరువెక్కువ. ఎల్‌ఈడీ లైట్లన్నీ దీన్లోనే పెడితే పాట మధ్యలో ట్రిప్ అయ్యింది, ఒక్కో దాంట్లోంచి కొంచెం కొంచెం లీకేజీ కలిసి అలా అవుద్దంట, 30 అని రాసున్నా 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. లైట్లు వేరే లైను మీద వేశాక మళ్లీ పడలేదు. సాకెట్లు మరీ దగ్గరగా పెట్టాడు, కీబోర్డు అడాప్టరు ఒకటి పెడితే పక్క సాకెట్ మూసుకుపోద్ది. ఐదుకి నాలుగు ఇస్తాను. చేయించుకునేవాళ్లు సాకెట్ల మధ్య జాగా సంగతి ఆర్డరిచ్చేటప్పుడే చెప్పండి, పెట్టెకి కన్నాలు కొట్టేశాక చెబితే ఆయన వినడు.