గచ్చిబౌలి ఔటర్ కూడలి, పీజేఆర్ ఫ్లైఓవర్: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ ఇరుక్కుంటుంది

హైదరాబాద్‌లో శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలికి వచ్చేవాళ్లకు టోల్ కట్టడం పెద్ద పని కాదు. చిక్కంతా ఆ తర్వాతే. అక్కడి నుంచి కొద్ది దూరంలోనే బండ్లు నాలుగు దిక్కులకు చీలిపోవాలి: కొండాపూర్, హైటెక్ సిటీ, ట్రిపుల్‌ఐటీ మీదుగా లింగంపల్లి, బయోడైవర్సిటీ మీదుగా రాయదుర్గం. 2025 జూన్ 28న మొదలైన పీజేఆర్ (పి. జనార్దన్ రెడ్డి) ఫ్లైఓవర్ వీటిలో మొదటి దిక్కుకు దారి చూపింది. 1.2 కి.మీ. పొడవు, 24 మీటర్ల వెడల్పు, రాకపోకలకు మూడేసి లేన్లు. ముందే ఉన్న గచ్చిబౌలి ఫ్లైఓవర్, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్‌ల పైనుంచి పోతుంది కాబట్టి కింది జంక్షన్ సిగ్నల్‌తో దీనికి సంబంధం లేదు.

ముందు ఔటర్ సంగతి. 158 కి.మీ. రోడ్డు, ఒక్కో వైపు నాలుగు లేన్లు. కుడివైపు రెండు లేన్లలో గంటకు 120 కి.మీ. వరకు, ఎడమవైపు రెండింటిలో 80 వరకు వెళ్లొచ్చు. 40 కన్నా తక్కువ వేగంతో పోకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, 19వ నంబరు నానక్‌రాంగూడ ఎగ్జిట్ బోర్డు దగ్గరికొచ్చేదాకా కుడి చివరి లేన్‌లోనే ఉండటం. గంటకు 100 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఒక్కో లేన్ మారడానికి ఐదు సెకన్లు వేసుకున్నా మూడు లేన్లు దాటేసరికి 400 మీటర్లు అయిపోతాయి. అదీ పక్కన ఖాళీ దొరికితే. ఎడమ లేన్లలో లారీలు వరుసగా ఉంటే ఆ లెక్క రెట్టింపవుతుంది. అందుకే కిలోమీటరున్నర ముందే ఎడమకు జరగడం మొదలుపెట్టాలి. ఎగ్జిట్ తప్పిపోతే బండి ఆపొద్దు, రివర్స్ అసలే వద్దు. నేరుగా కోకాపేట వైపు వెళ్లి అక్కడ దిగడమే. అదనంగా పడే టోల్ ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

టోల్ దూరాన్ని బట్టి. 2025 ఏప్రిల్ 1న దాన్ని కారుకు కి.మీ.కు 2.44 రూపాయలు చేశారు. ఎక్కిన చోటు, దిగిన చోటు రెండూ నమోదైతేనే లెక్క తేలుతుంది. ఎక్కేటప్పుడు ఫాస్టాగ్ చదవకుండానే గేటు తెరుచుకుంటే అక్కడే సిబ్బందిని అడిగి తేల్చుకోండి. దిగే చోట వాదన పెట్టుకుంటే వెనక క్యూ హారన్లు మోగిస్తుంది, పని మాత్రం కాదు. బైకులకు మెయిన్ రోడ్డు మీద ప్రవేశం లేదు, సర్వీస్ రోడ్డే గతి.

ఇక ఫ్లైఓవర్. కొండాపూర్, హఫీజ్‌పేట, మియాపూర్ వెళ్లేవాళ్లకు దీనికి మంచి మార్కులే వేయాలి. దిగాక 2023 జనవరి 1న తెరిచిన కొత్తగూడ ఫ్లైఓవర్ అందుకుంటే గచ్చిబౌలి, బొటానికల్ గార్డెన్, కొత్తగూడ మూడు కూడళ్లూ కిందే ఉండిపోతాయి. లోపం ఈ రెండు ఫ్లైఓవర్ల మధ్య ముక్కలో ఉంది. పైనుంచి దిగేవాళ్లు తర్వాతి ఫ్లైఓవర్ ఎక్కాలని ఒక పక్కకు, కింది రోడ్డులో వచ్చేవాళ్లు ఇంకో పక్కకు జరుగుతారు. మసీద్‌బండకు తిరిగేవాళ్లది మూడో దారి. ముగ్గురూ కత్తెర పడేది ఒక్కచోటే. దానికి తోడు ఎక్కడంటే అక్కడ ఆగే ఆటోలు, క్యాబ్‌లు. మూడు లేన్లున్నా సాయంత్రం పనికొచ్చేవి రెండే. మసీద్‌బండ వెళ్లేవాళ్లు రద్దీ వేళ ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది రోడ్డునే రావడం మేలు. పైన మిగిలిన నిమిషాలు ఆ కత్తెరలో కరిగిపోతాయి.

ఇందులో ఇంజినీరింగ్ మాయ ఏమీ లేదు. సిగ్నల్ దగ్గర నూటికి నలభై వంతుల సమయమే పచ్చలైటు పడితే, మూడు లేన్ల నుంచి కదిలేది ఇంచుమించు ఒక లేన్ సరుకే. మధ్యలో ఎక్కడా ఆగని ఫ్లైఓవర్ అంతకు రెండింతలకు పైగా తెచ్చి తర్వాతి ఇరుకులో పోస్తుంది. జామ్ ఒకచోట పోయి ఇంకోచోట తేలుతుంది. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగాక కొండాపూర్ వైపు జరిగేది ఇదే. వంతెనకు దాదాపు 180 కోట్లు పెట్టినప్పుడు, దిగే చోట 300 మీటర్ల మేర లేన్లు వేరుచేసే డివైడర్, ఒక బస్ బే, పైన పెద్ద దిశా బోర్డు పెట్టడానికి ఎంతవుతుంది? వీటికి శిలాఫలకం ఉండదు కాబట్టి కాబోలు, ఎప్పుడూ వెనకబడతాయి.

హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్ వెళ్లాలంటే పీజేఆర్ ఎక్కకూడదు. 2022 నవంబరులో తెరిచిన శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ అందుకోవాలి. తప్పుగా కొండాపూర్ దారి ఎక్కితే మధ్యలో దిగే వీల్లేదు. కొత్తవాళ్లు మ్యాప్‌ను గుడ్డిగా నమ్మొద్దు: ఒకదాని మీద ఒకటి మూడు రోడ్లున్నచోట జీపీఎస్ మీరు ఏ అంతస్తులో ఉన్నారో పోల్చుకోలేదు. బోర్డు చూసి లేన్ పట్టుకోండి.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులకు పోయేవాళ్లు గచ్చిబౌలి కూడలిదాకా రావడం దండగ. 2023 జూలై 1న తెరిచిన నార్సింగి ఇంటర్‌ఛేంజ్‌నో, కోకాపేట నియోపోలిస్ ఎగ్జిట్‌నో చూసుకోండి.

ముందున్న ప్రణాళికల్లో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కు 11.6 కి.మీ. మెట్రో ప్రతిపాదన ఉంది, అది బయోడైవర్సిటీ, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, విప్రో కూడళ్ల మీదుగానే పోవాలి. ఖాజాగూడ, ట్రిపుల్‌ఐటీ, విప్రో కూడళ్లకు హెచ్‌సిటీ అనే నగర రోడ్ల అభివృద్ధి పథకం కింద ఫ్లైఓవర్లూ అనుకున్నారు. రెండిటి పిల్లర్లూ ఒకే డ్రాయింగ్‌లో కూర్చోబెట్టకుండా ఏది ముందు మొదలుపెట్టినా, రెండోది వచ్చినప్పుడు అదే రోడ్డు మళ్లీ తవ్వాలి.