అర బస్తా మిల్లర్ అద్దెకి తెచ్చి షెడ్డుకి బెడ్ మేమే వేసుకున్నాం (శ్రీకాకుళం)

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర లోపలి వీధిలో సిమెంటు, ఇనుము అమ్మే ఒక కొట్టు ఉంది, అక్కడ కరెంటుతో నడిచే అర బస్తా మిల్లర్ (ఒక్కో లోడుకి సగం బస్తా సిమెంటు పట్టే, కాంక్రీటు కలిపే యంత్రం) రోజు అద్దెకి ఇస్తారు. సంక్రాంతి వెళ్లిన వారం ఆ మిల్లర్ తెచ్చి పెరట్లో రేకుల షెడ్డుకి కాంక్రీటు బెడ్ నేను, మా బావ, పక్కింటి కుర్రాడు కలిసి వేశాం. ముగ్గురిలో అంతకు ముందు తాపీ పట్టినవాళ్లు లేరు. ఇద్దరు మేస్త్రీలు వచ్చి చూశారు గానీ ఇంత చిన్న పనికి రోజు పాడు చేసుకోలేమని వెళ్లిపోయారు, అందుకే మేమే దిగాం.

పాత షెడ్డు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపానుకి పోయింది. స్తంభాలు ఉత్త మట్టిలో పాతి ఉన్నాయి, గాలి రేకుల కిందకి దూరి స్తంభాలతో సహా పీకి గోడ మీద పడేసింది. ఈసారి స్తంభాలు కాంక్రీటులో దింపిన బోల్టులకే బిగించాలని అప్పుడే అనుకున్నాను. ఆ పని ఇన్నేళ్లకి కుదిరింది.

కొట్టు గురించి ముందు చెప్పాల్సిన మంచి మాట ఒకటుంది. నేను వెళ్లి 12 బస్తాలు సిమెంటు కావాలన్నాను. ఆయన వెంటనే బిల్లు రాయలేదు. "ఏటండీ, ఎంత పొడుగు, ఎంత మందం? స్తంభాలు దేనికి బిగిస్తారు?" అని అడిగి కాగితం మీద లెక్క వేశారు. 10 అడుగులు, 8 అడుగులు, మందం 4 అంగుళాలు, అంటే దాదాపు 27 ఘనపుటడుగులు. స్తంభాల కింద అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గోతులు ఆరు, అవి 9. మొత్తం 36, అంటే కాస్త అటూ ఇటూగా ఒక క్యూబిక్ మీటరు. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, పిక్క (కంకర) మూడు పాళ్లు కలిపే ఎం20 రకం కాంక్రీటుకి 8 బస్తాలు చాలు. "ఎక్కువ పట్టుకెళ్తే గడ్డ కట్టిపోద్ది బాబూ, తక్కువైతే మళ్లీ ఒకటి పంపుతాను" అన్నారు. నాలుగు బస్తాల అమ్మకం వదులుకున్న మనిషి మీద నాకు గురి కుదిరింది. సరిగ్గా 8 బస్తాలే పట్టాయి.

ఇసుక 15, పిక్క 30 ఘనపుటడుగులు కూడా ఆయన ద్వారానే చెప్పాం, ట్రాక్టరు వేరే వాళ్లది. ఇక్కడే నాకు కోపం వచ్చింది. పిక్క కుప్ప చూడగానే తక్కువగా అనిపించి, పక్క వీధిలో ఇల్లు కట్టేవాళ్ల దగ్గర ఫర్మా (కొలత పెట్టె) అడిగి తెచ్చి కొలిస్తే 26కి మించి రాలేదు. ఫోన్ చేస్తే ట్రాక్టరు వాడు దారిలో కారిపోయి ఉంటుందన్నాడు. కొట్టు ఆయన మాత్రం వాదించకుండా మరుసటి రోజు పొద్దున్నే ఆటోలో మిగతాది పంపారు, డబ్బు అడగలేదు. అయినా కొలవకపోయి ఉంటే చివరి గొయ్యి దగ్గర సరుకు ఆగిపోయేది.

తవ్వకం శనివారం. పైన మెత్తటి మట్టి తీసేసి 6 అంగుళాలు దింపాం, అందులో 4 అంగుళాలు గ్రావెల్ పోసి నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాం. బెడ్ రెండు అంగుళాలు నేల పైకి ఉండేలా చెక్కలు బిగించి, వాన నీళ్లు నిలవకుండా 8 అడుగుల్లో ఒక అంగుళం వాలు పెట్టాం. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో తెలియాలంటే మూల నుంచి మూలకి టేపు పట్టాలి, రెండు వైపులా 12 అడుగుల 10 అంగుళాలకి కాస్త తక్కువగా ఒకటే కొలత రావాలి. మాకు మొదట రెండు అంగుళాలు తేడా వచ్చింది, చెక్కలు జరిపి సరిచేశాం. అడుగున పాలిథిన్ పట్టా పరిచి, 8 ఎంఎం రాడ్లు అడుగుకొకటి వేసి, కవర్ బ్లాకులు అనే చిన్న సిమెంటు దిమ్మల మీద లేపి బైండింగ్ వైరుతో కట్టాం.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మిల్లర్ వచ్చింది. అద్దె 900, డిపాజిట్ 2000. మామూలు ప్లగ్గుకి పెట్టకూడదు, మా మోటారు కోసం ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌కి పెట్టాం, ఎర్త్ ఉందో లేదో ముందే చూసుకున్నాం. లోపల పాత కాంక్రీటు గడ్డలు అంటుకుని ఉన్నాయి, అవి కొట్టి తీయడానికే అరగంట పోయింది. అద్దెకి ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాల్సింది.

ఇక నీళ్ల సంగతి. కొత్తగా వేసేవాళ్లు పాడు చేసేది ఇక్కడే, కాబట్టి వివరంగా రాస్తున్నాను. బస్తా సిమెంటు 50 కిలోలు, బకెట్టుతో కొలిస్తే ఆ సిమెంటు దాదాపు 35 లీటర్లు వస్తుంది. సగం బస్తా అంటే 17న్నర లీటర్ల సిమెంటు. పెయింటు బకెట్టు మీద ఆ కొలత గీత గీసి, ఒకటి సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పిక్క వేశాం. సగం బస్తాకి నీళ్లు 12 లేదా 13 లీటర్లు, ఎం20కి 15 దాటకూడదు. ఇది చూడటానికి గట్టిగా ఉంటుంది, పారతో లాగాలంటే చేతులు నొప్పి పెడతాయి. మూడో లోడుకే మా బావ "ఇంకో చెంబు పోయరా, జారుతుంది" అన్నాడు, నేను ఒప్పుకోలేదు. జారుడుగా ఉంటే పని తేలిక, కానీ ఎక్కువైన నీళ్లు ఎండిపోయిన చోట సన్న రంధ్రాలు మిగిలి పైపొర దుమ్ములా రాలుతుంది, బోల్టు పట్టు కూడా తగ్గుతుంది. ఇంకొక విషయం, నది ఇసుక తడిగా ఉంటే పొంగి ఎక్కువ కనిపిస్తుంది, అందుకని ఇసుక కొంచెం ఎక్కువ వేసి, అందులో ఉన్న తడి లెక్క చూసి నీళ్లు ఆ మేరకు తగ్గించాం.

ఐదో లోడులో మిల్లర్ ఆగిపోయింది. బెల్టు అరిగిపోయి జారుతోంది. చాలా టెన్షన్ పడ్డాం, డ్రమ్ములో కలిపిన సరుకు ఉంది, అప్పటికి పోసింది బిగుసుకుపోవడం మొదలవుతుంది. డ్రమ్ము వంచి సరుకు తట్టల్లోకి తీసి గోతుల్లో పోసేశాం, పోసిన అంచు మీద తడి గోనె పట్టా కప్పాం. ఫోన్ చేసిన 40 నిమిషాలకి కుర్రాడు కొత్త బెల్టుతో వచ్చి పది నిమిషాల్లో బిగించాడు. ఆదివారం కూడా మనిషిని పంపారు, అది మెచ్చుకుంటాను. ముందే బెల్టు చూసి పంపితే ఇంకా బాగుండేది. ఆ అతుకు దగ్గర ఇప్పుడు వెంట్రుక మందం గీత ఒకటి కనిపిస్తుంది, మిగతా బెడ్ అంతా గట్టిగా ఉంది.

మిగిలిన పని మధ్యాహ్నానికల్లా అయింది. వైబ్రేటరు లేదు, రాడ్డుతో పొడిచి, చెక్కల పక్కన సుత్తితో తట్టాం. అల్యూమినియం బద్దతో ఇద్దరం రంపం లాగినట్టు లాగి పైభాగం చదును చేశాం. బోల్టుల మరలకి ముందే టేపు చుట్టాం, లేకపోతే సిమెంటు పట్టి నట్టు ఎక్కదు. చేతులకి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. మధ్యలో తీసేసిన కుర్రాడికి వేళ్లు పగిలాయి, వారం మానలేదు.

సాయంత్రానికి గోనె పట్టలు పరిచి తడిపాం, మరుసటి రోజు చుట్టూ మట్టితో మడి కట్టి నీళ్లు నిలబెట్టి పది రోజులు ఉంచాం. మేం తెచ్చింది పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు), అది నిదానంగా గట్టిపడుతుంది, వారంతో ఆపేయకూడదు. పొద్దునా సాయంత్రం నీళ్లు చూసింది మా అమ్మే.

డిపాజిట్ మొత్తం తిరిగి ఇచ్చారు, బెల్టు ఖర్చు మా మీద వేయలేదు. వచ్చే నెల బావ వాళ్ల ఊళ్లో మేకల పాకకి ఇలాగే వేద్దామంటున్నాడు. మిల్లర్‌కి అక్కడే చెప్పాం, ఈసారి కొట్టు దగ్గరే బెల్టు, డ్రమ్ము చూసి పది నిమిషాలు తిప్పించాకే బండి ఎక్కిస్తాం. పిక్క దింపుకునే ముందు ఫర్మా చేతిలో పెట్టుకుంటాం.